అలెఘేనీ కొండల్లో కార్లు లేని సైకిల్ దారి: అరవై దాటిన నాన్నగారితో వెళ్ళవచ్చా?

గుండ్లకమ్మ_గట్టు | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాము. మే నెలలో మా నాన్నగారు గిద్దలూరు నుంచి వస్తున్నారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చుట్టుపక్కల పల్లెల బడులకు సైకిల్ మీదే వెళ్ళి పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు అరవై మూడేళ్ళు. ఈనాటికీ పొద్దున్నే గంటసేపు తొక్కుతారు, అయితే చదునైన నేల మీద. నా భార్యకు సైకిల్ అంటే ఇష్టమే గాని కార్ల పక్కన తొక్కాలంటే భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. మా వీధి చివరి రహదారి మీద లారీలు మోచేతికి తగిలేంత దగ్గరగా పోతాయి.

పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం ఎలాగూ అనుకున్నాము. అక్కడి నుంచి మేరీలాండ్‌లోని కంబర్లండ్ వరకు 150 మైళ్ళ గ్రేట్ అలెఘేనీ ప్యాసేజ్ (క్లుప్తంగా గ్యాప్) దారి ఉందని, దాని మీదికి మోటారు బండ్లను రానివ్వరని తెలిసింది. సామాను సైకిళ్ళకు కట్టుకుని, రాత్రికి ఏదో ఒక ఊళ్ళో ఆగుతూ ముగ్గురం వెళ్ళాలని ఆశ.

దారి ఎత్తుపల్లాల గీత చూశాక మాత్రం ధైర్యం సన్నగిల్లింది. మధ్యలో పర్వతాలనే దాటాలి. కార్లు లేకపోయినా, ఎక్కలేకపోతే ఏమి లాభం? వెళ్ళినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

యాక్_ఒడ్డున | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఆ గీతను చూసి వెనకడుగు వేయకండి. అలాంటి పటాల్లో నిలువు కొలతను బాగా సాగదీసి గీస్తారు కాబట్టి కొండ గోడలా కనిపిస్తుంది. నేను పిట్స్‌బర్గ్ దగ్గరే చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఈ దారి గురించి ఎవరు అడిగినా నాకు సంతోషం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు తొక్కబోయేది రోడ్డు కాదు, రైలు కట్ట. కొండల్లోని భాగం వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1912లో ప్రారంభించిన మార్గం. 1975లో దాన్ని వదిలేశారు. పట్టాలు తీసేశాక ఒహాయోపైల్ దగ్గర 1986లో మొదటి ముక్కను సైకిల్ దారిగా తెరిచారు. అక్కడి నుంచి ముక్క ముక్కగా కలుపుకుంటూ 2013లో పిట్స్‌బర్గ్ నగరం నడిబొడ్డు వరకు తెచ్చారు.

రైలు కట్ట కావడం వల్ల మీకు దక్కే మేలు ఒకటుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద తేలికగా దొర్లుతుంది గాని, వాలు కాస్త ఎక్కువైతే పట్టు దొరకక జారుతుంది. వందల టన్నుల బొగ్గు లాగే ఇంజనుకు నూటికి రెండు పాళ్ళ వాలు కూడా పెద్ద పరీక్షే. అందుకని ఆ ఇంజనీర్లు నది వెంట మెలికలు తిరిగారు, లోయ అడ్డం వస్తే వంతెన కట్టారు, శిఖరం అడ్డం వస్తే సొరంగం తవ్వారు. ఇంజను కోసం పడిన ఆ జాగ్రత్త అంతా ఇప్పుడు మీ నాన్నగారి మోకాళ్ళకు పనికివస్తుంది.

దారి మొత్తంలో ఎత్తైన చోటు ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్, అంటే వాన నీటిని తూర్పుకూ పడమటికీ విడదీసే కొండ గట్టు, 2,392 అడుగులు. పిట్స్‌బర్గ్ వైపు నుంచి అక్కడికి చేరడానికి దాదాపు 200 కిలోమీటర్లు పడుతుంది, ఎక్కే ఎత్తు మాత్రం 510 మీటర్ల చిల్లర. చాలాచోట్ల ఎక్కుతున్నట్టు కూడా తెలియదు. కంబర్లండ్ నుంచి ఎదురు వస్తే సుమారు 540 మీటర్ల ఎత్తును 38 కిలోమీటర్లలోనే ఎక్కాలి. అది తెలుస్తుంది. అయినా సగటున వంద మీటర్లకు ఒకటిన్నర మీటరు వాలు, అంతే. చిన్న గేరు వేసుకుని మాట్లాడుకుంటూ ఎక్కవచ్చు.

మీరు పిట్స్‌బర్గ్ నుంచే బయలుదేరండి. 200 కిలోమీటర్లు నెమ్మదిగా ఎక్కి, చివరి 38 కిలోమీటర్లు దిగుతారు.

తుంగభద్ర | ఆదివారం, మధ్యాహ్నం 2:05

యాక్ గారి మాటకు నాది కాస్త భిన్నమైన అభిప్రాయం. నేను వర్జీనియా వైపు ఉంటాను, పొటోమాక్ నది వెంట సీ అండ్ ఓ (చెసాపీక్ అండ్ ఒహాయో) కాలువ గట్టు మీద తొక్కడం నాకు ప్రాణం. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో మొదలై 184.5 మైళ్ళు సాగి ఆ గట్టు సరిగ్గా కంబర్లండ్‌లోనే గ్యాప్ దారిని కలుస్తుంది. రెండూ కలిపితే వాషింగ్టన్ నుంచి పిట్స్‌బర్గ్ వరకు 330 మైళ్ళ పైచిలుకు, దాదాపు అంతా కార్లు లేని దారి. నేను తూర్పు నుంచి పడమటికి వెళ్తాను. ముందు నది, తరువాత కొండ. కంబర్లండ్ నుంచి ఎక్కుతూ ఉంటే లోయ కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది, వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా ఇంకో వరుస కొండలు కనిపిస్తాయి. దిగేటప్పుడు ఆ చోట్లన్నీ గాలిలా దాటిపోతాయి, చూడడానికి సమయమే ఉండదు. ఇంత మంచి కొండను ఎక్కకుండా దిగడం ఎందుకు?

యాక్_ఒడ్డున | ఆదివారం, మధ్యాహ్నం 2:31

మీలాంటి అలవాటున్నవారికి ఆ మాట నిజమే తుంగభద్ర గారూ. వీరిలో ఒకరికి అరవై మూడేళ్ళు, ఇంకొకరికి బరువు కట్టిన సైకిల్ కొత్త. మొదటి రోజే ఎక్కుడు పెడితే సాయంత్రానికి ఉత్సాహం మిగలదు. నేను మాట మార్చుకోను.

మూసీ_తీరం | ఆదివారం, సాయంత్రం 5:18

దిశ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను సైకిళ్ళ సంగతి చెబుతాను. నాకు మరమ్మతు పని ఇష్టం, ఇక్కడ చాలామందికి సాయం చేస్తుంటాను.

గ్యాప్ దారి ఎక్కువ భాగం నలగ్గొట్టిన సున్నపురాయి పొడి పరిచి గట్టిపరిచినది. వాన పడినా నీరు త్వరగా ఇంకిపోతుంది. పిట్స్‌బర్గ్ నుంచి మెకీస్‌పోర్ట్ వరకు తారు, కాంక్రీటు. కాబట్టి కొండల సైకిల్ అక్కరలేదు, పందెం సైకిల్ సన్న టైర్లు మాత్రం వద్దు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఉన్న మామూలు సైకిల్ చాలు. గాలి మరీ గట్టిగా కొట్టించకండి, రాతిపొడి మీద కాస్త మెత్తగా ఉంటేనే చేతులకు హాయి. ఆ పొడి చైనుకు పట్టి కిరకిరలాడిస్తుంది, రోజూ సాయంత్రం గుడ్డతో తుడిచి చుక్క నూనె వేయండి. మడ్‌గార్డులు తప్పనిసరి. అవి లేకపోతే వానలో వీపంతా బూడిదరంగు చారే.

సామాను సంచులు వెనక క్యారియర్‌కు రెండు వైపులా సమానంగా తగిలించండి. వీపుకు మాత్రం ఏమీ తగిలించుకోవద్దు. చాలామందికి నడుము నొప్పి వచ్చేది అందువల్లే.

నాన్నగారికి బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకునే ఆలోచన చేయండి. పెడల్ తొక్కితేనే సాయం చేసి, గంటకు 20 మైళ్ళు దాటగానే సాయం ఆపేసే రకాన్ని ఈ దారి మీద అనుమతిస్తారు. రాత్రి ఆగే చోట ఛార్జింగ్ పెట్టుకోవచ్చు.

గుండ్లకమ్మ_గట్టు | ఆదివారం, రాత్రి 9:50

ఎంతో ఓపికగా రాశారు, అందరికీ కృతజ్ఞతలు. వాలు లెక్క నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. "వందకు ఒకటిన్నరా? మా బడికి పోయే దారిలో చెరువు కట్ట అంతకన్నా నిటారుగా ఉండేది" అన్నారు. బ్యాటరీ సైకిల్ మాట ఎత్తితే నొచ్చుకున్నారు, ఇక ఆ మాట తీయను.

మరికొన్ని అనుమానాలు. మేము శాకాహారులం, ఆ చిన్న ఊళ్ళలో తిండి ఎలా? సొరంగంలో చీకటిగా ఉంటుందా, నా భార్య అడుగుతోంది. కార్లు అసలే ఉండవా, లేక మధ్యమధ్య రోడ్డెక్కాలా?

యాక్_ఒడ్డున | సోమవారం, ఉదయం 7:20

కార్ల సంగతి ముందు. కానెల్స్‌విల్ ఊళ్ళో కొద్ది దూరం వీధి పక్కన సైకిల్ గీతల మధ్య వెళ్ళాలి. అక్కడక్కడా చిన్న రోడ్లు అడ్డంగా దాటాలి, ఆగి చూసుకుని దాటండి. మిగతాదంతా చెట్లు, నది, మీరు.

తిండికి మొదటి సలహా ఆలయంలోనే ఉంది. పెన్ హిల్స్ గుడి 1976 నుంచి ఉన్నది, అక్కడి క్యాంటీన్ పులిహోర పేరున్నది. బయలుదేరే ముందు కట్టించుకోండి. చింతపండు పులుపు వల్ల ఆ రోజంతా పాడవదు, ఉప్పు, పిండిపదార్థం రెండూ ఒంటికి అందుతాయి, దారి మధ్యలో ఇంతకన్నా మంచి ఆహారం నాకు తెలియదు. ఆ తరువాత ఊళ్ళలో పిజ్జా, గుడ్డు లేకుండా అడిగితే చేసిచ్చే శాండ్‌విచ్, కాల్చిన బంగాళాదుంప, ఇంతే దొరుకుతాయి. ఆదివారాలు, సోమవారాలు చిన్న ఊళ్ళలో హోటళ్ళు మూసి ఉండవచ్చు, ముందురోజే ఫోను చేసి కనుక్కోండి. అటుకులు, వేయించిన శనగలు, ఖర్జూరాలు ఒక సంచిలో ఎప్పుడూ ఉండాలి.

ఇక అసలు కొండ భాగం. దీని గురించి తొందరగా చెప్పి వదిలేయడం నాకు చేతకాదు.

కన్‌ఫ్లుయెన్స్ అనే ఊళ్ళో కాసెల్‌మన్ నది వచ్చి యాకగేనీ నదిలో కలుస్తుంది. అక్కడి నుంచి మీరు కాసెల్‌మన్ వెంట ఎగువకు పోతారు. లోయ ఇరుకు, నది ఒక పక్క, అవతలి ఒడ్డున ఇప్పటికీ నడుస్తున్న గూడ్సు రైళ్ళు. పింకర్టన్ అనే చోట నది పెద్ద మెలిక తిరుగుతుంది. ఆ మెలికను తప్పించడానికి తవ్విన సొరంగాన్ని బాగుచేసి 2015లో సైకిళ్ళకు తెరిచారు. రాక్‌వుడ్ దాటి మైయర్స్‌డేల్ చేరబోతుండగా ఉన్నట్టుండి చెట్లు ఆగిపోతాయి, మీరు సాలిస్‌బరీ వంతెన మీద ఉంటారు. 1,908 అడుగుల పొడవు, దాదాపు నూరు అడుగుల ఎత్తు. కింద నది, రైలు పట్టాలు, నాలుగు వరుసల రహదారి, పొలాలు, దూరంగా గుట్టల మీద గాలిమరలు. ఆ రహదారి మీద కార్లు చీమల బారులా పోతుంటే మీరు పైన తీరిగ్గా నిలబడి చూడవచ్చు. కార్లంటే భయపడే మీ ఆవిడను ఆ వంతెన మధ్యలో కాసేపు ఆగమనండి.

మైయర్స్‌డేల్ నుంచి డివైడ్ దాదాపు 8 మైళ్ళు. అక్కడ చిన్న అండర్‌పాస్ గోడల మీద ఎత్తు గీతను పెద్దగా చిత్రించారు. పడమట పడిన చినుకు కాసెల్‌మన్, యాకగేనీ, మొనాంగహీలా, ఒహాయో, మిసిసిపీ నదుల మీదుగా మెక్సికో గల్ఫ్ చేరుతుంది. తూర్పున పడినది పొటోమాక్ ద్వారా చెసాపీక్ అఖాతానికి పోతుంది. బడిపంతులుగారికి ఈ చోటు తప్పక నచ్చుతుంది.

కాస్త ముందుకు పోతే బిగ్ సావేజ్ సొరంగం, 3,294 అడుగులు, అంటే కిలోమీటరు. లోపల దీపాలున్నాయి, భయం లేదు. మే నెలలో కూడా చల్లగా ఉంటుంది, చెమట పట్టిన ఒంటితో వెళ్ళేముందు చొక్కా మీద ఇంకొకటి వేసుకోండి. చలికాలంలో కారే నీరు గడ్డకట్టి గోడలను చీలుస్తుంది కాబట్టి ఆ కాలమంతా, ఏప్రిల్ వరకు, తలుపులు మూసేస్తారు. మీరు వచ్చేది మే కాబట్టి ఇబ్బంది లేదు.

సొరంగం అవతల తల ఎత్తితే మేరీలాండ్ కొండల వరుసలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకుంటాయి. మరికాసేపట్లో పెన్సిల్వేనియా, మేరీలాండ్‌ల మధ్య రాళ్ళతో గుర్తుపెట్టిన మేసన్-డిక్సన్ సరిహద్దు దాటుతారు. అక్కడి నుంచి కంబర్లండ్ వరకు పెడల్ తొక్కడం ఐచ్ఛికం. బ్రేకులు మాత్రం సరిచూసుకోండి.

సింగరేణి_బొగ్గు | సోమవారం, ఉదయం 11:02

నేను కొత్తగూడెం వాడిని. మా ఇంట్లో రెండు తరాలు గనిలో దిగినవారు. ఈ దారి గురించి అందరూ చెట్లు, నదులు అంటారు, నాకు మాత్రం ఇది గనుల దారి. కానెల్స్‌విల్ చుట్టుపక్కల బొగ్గును కోక్‌గా మార్చి పిట్స్‌బర్గ్ ఉక్కు కొలిమిలకు పంపేవారు. ఆ పాత కోక్ బట్టీలు చెట్ల మధ్య ఇంకా కనిపిస్తాయి. యాకగేనీ వెంట ఒకచోట రాళ్ళన్నీ తుప్పురంగులో మెరుస్తూ ఎర్రని చిన్న జలపాతం ఉంటుంది. అందంగానే ఉంటుంది, కానీ మూసేసిన గనుల్లోంచి ఇనుము కరిగించుకుని వచ్చే నీరు అది. సీసాలో పట్టకండి.

వెస్ట్ న్యూటన్ దాటి ఎగువకు పోతున్నప్పుడు వాన్ మీటర్ దగ్గర డార్ గని గుర్తు ఫలకం వస్తుంది. 1907 డిసెంబరు 19న ఆ గనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. తూర్పు యూరప్ నుంచి బతకడానికి వచ్చిన వలస కూలీలు అందులో ఎందరో. ఆ రోజు సెయింట్ నికొలస్ పండుగ కావడంతో చర్చికి వెళ్ళిన కొందరు పనికి దిగలేదు, అందువల్ల బతికారు. అదే నెల 6న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మొనోంగా గనిలో 362 మంది పోయారు. దయచేసి అక్కడ ఒక నిమిషం సైకిల్ దిగండి. మనం హాయిగా దొర్లిపోయే ఈ కట్ట మీద వెళ్ళిన ప్రతి బొగ్గు వ్యాగన్ వెనక ఇలాంటి మనుషులున్నారు.

గుండ్లకమ్మ_గట్టు | సోమవారం, మధ్యాహ్నం 12:15

తప్పకుండా దిగుతాము అన్నా. నాన్నగారికి ముందే చెప్పి ఉంచుతాను.

డెర్బీ_కొండలు | సోమవారం, సాయంత్రం 4:44

ఇంగ్లండ్ నుంచి ఒక మాట. ఈ చర్చ చదువుతుంటే మా పీక్ డిస్ట్రిక్ట్ గుర్తొచ్చింది. ఇక్కడా అదే సూత్రం, కొలతలే చిన్నవి. 1968లో మూసేసిన రైలు మార్గం మీద బేక్‌వెల్ దగ్గర మోన్సల్ దారి ఎనిమిదిన్నర మైళ్ళు ఉంటుంది. సొరంగాలు చాలా ఏళ్ళు మూసి ఉండేవి, 2011లో దీపాలు పెట్టి తెరిచారు. అప్పటి నుంచి పిల్లల బండి లాగేవారు, చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా కనిపిస్తున్నారు. ఆష్‌బోర్న్ నుంచి టిసింగ్టన్ దారి 13 మైళ్ళు, అది పార్స్లీ హే దగ్గర హై పీక్ దారిని కలుస్తుంది.

యాక్ గారి వాలు సూత్రానికి ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. హై పీక్ మార్గం 1830ల నాటిది, ఇంజన్లు ఇంకా బలహీనం. కొన్నిచోట్ల వ్యాగన్లను స్థిరంగా ఉంచిన ఆవిరి యంత్రంతో, గొలుసులు, తాళ్ళతో కొండ మీదికి లాగేవారు. ఆ వాలులు ఇప్పుడు కూడా అలాగే నిటారుగా ఉన్నాయి, నాలాంటివారు దిగి నడిపిస్తారు. కాబట్టి రైలు కట్ట కనబడగానే అంతా సులువే అనుకోకూడదు, ఏ కాలపు కట్టో చూసుకోవాలి.

తుంగభద్ర | సోమవారం, సాయంత్రం 6:10

మంచి విషయం చెప్పారు డెర్బీ గారూ. అమెరికాలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, దారి ఇప్పుడు ఉందా లేదా అని. వర్జీనియా క్రీపర్ దారి మీద వైట్‌టాప్ నుంచి డమాస్కస్ వరకు 17 మైళ్ళ దిగుడు కోసం మన తెలుగు కుటుంబాలు ఎన్నో వెళ్ళేవి. 2024 సెప్టెంబరులో హెలెన్ తుపానుకు ఆ భాగంలోని వంతెనలు ఎన్నో కొట్టుకుపోయాయి. పాత వ్యాసాలు చదివి బయలుదేరకుండా, ఆయా దారుల నిర్వాహకుల తాజా ప్రకటనలు చూడండి.

నా కాలువ గట్టు గురించి కూడా నాలుగు మాటలు. గోదావరి డెల్టాలో పుట్టినవారికి లాకులంటే కొత్త కాదు. ఇక్కడ 74 లాకులు, అప్పట్లో చాలావాటి పక్కన లాకు కాపరి ఉండే చిన్న ఇల్లు ఉండేది. 1828లో తవ్వడం మొదలుపెట్టి 1850లో కంబర్లండ్ చేర్చారు. గట్టు మీద కంచరగాడిదలు నడుస్తూ బొగ్గు పడవలను లాగేవి. 1924 వరదల తరువాత పడవలు ఆగిపోయాయి. 1950లలో ఆ గట్టు మీద మోటారు రహదారి వేయాలని ఆలోచించారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో పత్రికల వారిని పిలిచి గట్టు పొడవునా తనతో నడిపించారు. చివరికి 1971లో జాతీయ చారిత్రక ఉద్యానవనం అయ్యింది. కార్లు లేని దారి మనకు ఊరికే రాలేదు. ఎవరో ఒకరు నడిచి, వాదించి నిలబెట్టారు.

ఒక నిజం కూడా చెప్పాలి. అది మట్టి గట్టు, వాన పడితే బురద. పా పా సొరంగం 3,118 అడుగులు, దీపాలు లేవు, ఇరుకు గట్టు మీద సైకిల్ దిగి టార్చి పట్టుకుని నడవాలి. నాకు అది ఎంతో ఇష్టం. మీ నాన్నగారితో మొదటిసారి అయితే గ్యాప్‌తోనే ఆపండి.

నల్లమల_నీడ | సోమవారం, రాత్రి 8:33

గుండ్లకమ్మ గారూ, మీరు గిద్దలూరు అన్నారు కాబట్టి ఆగలేక రాస్తున్నాను. మాది నంద్యాల. మన నల్లమలలోనే ఇలాంటి కట్ట ఒకటి ఉంది, మీకు తెలిసే ఉంటుంది. గాజులపల్లె, దిగువమెట్ట మధ్య మీటర్ గేజ్ కాలపు దొరబావి వంతెన. బ్రిటిష్ వారు 1880లలో కట్టారు. బ్రాడ్ గేజ్‌కు మార్చినప్పుడు రైలు దారి మళ్ళించి పాత వంతెనను వదిలేశారు. లోయలో దాని రాతి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

అక్కడ సైకిల్ దారి వేయమని నేను అడగడం లేదు. అది పులులు తిరిగే అడవి, అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు, పెట్టకపోవడమే మంచిది కూడా. కానీ మన రెండు రాష్ట్రాల్లో గేజ్ మార్పిడితో వదిలేసిన కట్టలు అడవి బయట, ఊళ్ళ మధ్య కూడా ఉన్నాయి. అవి ఆక్రమణలకు గురయ్యేలోగా బడిపిల్లల సైకిళ్ళకు ఇస్తే ఎంత బాగుంటుంది! హైదరాబాద్‌లో బాహ్య వలయ రహదారి పక్కన సౌర పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023లో వేయగలిగారు. అంటే మనకు చేతకాక కాదు. అరకు కొండల్లో రైలు మార్గం ఇంకా ఇనుప ఖనిజంతో కిటకిటలాడుతోంది కాబట్టి దాని జోలికి పోలేము, పక్కనే ఘాట్ రోడ్డు మీద సెలవు రోజుల్లో కార్ల వరుస. కొండలు ఉన్నాయి, తొక్కేవారు ఉన్నారు, కార్లు లేని దారి ఒక్కటే లేదు.

గుండ్లకమ్మ_గట్టు | సోమవారం, రాత్రి 10:20

నల్లమల అన్నా, ఇది నాన్నగారికి చదివాను. ఆయన పెళ్ళిచూపులకు నంద్యాల వెళ్ళింది ఆ మీటర్ గేజ్ బండిలోనే, ఆ వంతెన మీదుగానేనట. రైలు వంతెన మీద బాగా నెమ్మదించేదని, అందరూ ఒకే పక్క కిటికీల దగ్గరికి చేరేవారని చెబుతూ అరగంట ఫోను పెట్టలేదు. సాలిస్‌బరీ వంతెన ఫొటో పంపమన్నారు, పంపాను.

ఇక తేలాల్సింది తిరుగు ప్రయాణం. కారు పిట్స్‌బర్గ్‌లో ఉంటుంది, మేము కంబర్లండ్‌లో ఉంటాము. రైలు ఉందంటున్నారు, సైకిళ్ళు ఎక్కించుకుంటారా?

మూసీ_తీరం | మంగళవారం, ఉదయం 6:55

ఎక్కించుకుంటారు. వాషింగ్టన్, కంబర్లండ్, పిట్స్‌బర్గ్ మీదుగా వెళ్ళే ఆమ్‌ట్రాక్ రైలు ఇదివరకు కాపిటల్ లిమిటెడ్, 2024 నవంబరు నుంచి ఫ్లోరిడియన్ పేరుతో నడుస్తోంది. టికెట్‌తోపాటు సైకిల్‌కు కూడా చోటు కొనాలి. ఆ చోట్లు చాలా తక్కువ, మీకు మూడు కావాలి, కాబట్టి బసలకన్నా ముందు ఈ పని చేయండి. సంచులన్నీ విప్పేసి ఒట్టి సైకిల్ ఇవ్వాలి. కంబర్లండ్‌లో సాయంత్రం ఎక్కితే పిట్స్‌బర్గ్ చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, ఆలస్యమూ మామూలే. స్టేషన్‌కు దగ్గరలో గది తీసుకోండి.

అలా వద్దనుకుంటే సైకిళ్ళనూ మనుషులనూ వ్యానులో చేర్చే సంస్థలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, పగటిపూటే పని అయిపోతుంది. పెద్దాయన ఉన్నారు కాబట్టి నేనైతే వ్యాను వైపే మొగ్గుతాను.

తుంగభద్ర | మంగళవారం, ఉదయం 8:30

ఎవరూ చెప్పలేదు కాబట్టి, పిడుదు పురుగుల గురించి. పెన్సిల్వేనియా, మేరీలాండ్ రెండింటిలోనూ లైమ్ జబ్బు తెచ్చే చిన్న రకం ఉంది, మే, జూన్ వాటి కాలం. దారి మధ్యలో ఉన్నంతసేపూ ఏమీ కాదు, పొడవు గడ్డిలో కూర్చున్నప్పుడే ఎక్కుతాయి. సాయంత్రం స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, నడుము చుట్టూ, జుట్టు మొదళ్ళలో చూసుకోండి. కనిపిస్తే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె, అగ్గిపుల్ల లాంటి వైద్యాలు వద్దు. తరువాతి వారాల్లో ఎర్రని వలయం గాని జ్వరం గాని కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కాసెల్‌మన్ లోయలో, ఒహాయోపైల్, కానెల్స్‌విల్ మధ్య ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. పటాన్ని ముందే దించుకోండి, లేదా కాగితం పటం పెట్టుకోండి.

గుండ్లకమ్మ_గట్టు | మంగళవారం, రాత్రి 9:05

అందరి మాటా విని ఇలా అనుకున్నాము. ఆలయ దర్శనం, పులిహోర. మొదటి రాత్రి వెస్ట్ న్యూటన్, రెండవది కానెల్స్‌విల్, మూడవది ఒహాయోపైల్. అక్కడ ఒక రోజు పూర్తిగా ఆగి జలపాతం, దగ్గర్లో ఇంకో జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ అనే పేరున్న ఇల్లు చూడడం. తరువాత రాక్‌వుడ్, ఆపైన ఫ్రాస్ట్‌బర్గ్, చివరి రోజు కంబర్లండ్, అక్కడి నుంచి వ్యాను. నాన్నగారికి సైకిల్ ఇక్కడే కొంటున్నాను, వెళ్ళేటప్పుడు మా దగ్గరే వదిలి వెళ్తారు. ఏమైనా మార్చాలా?

యాక్_ఒడ్డున | మంగళవారం, రాత్రి 10:48

చక్కగా ఉంది. మూడు సవరణలు.

ఫాలింగ్‌వాటర్‌కు సైకిల్ మీద వెళ్ళకండి. ఒహాయోపైల్ నుంచి అక్కడికి పోయే 381 రోడ్డు ఇరుకు, మలుపులు, కార్ల తాకిడి. మీ ఆవిడకు ఏది వద్దో సరిగ్గా అదే. ఊళ్ళో వాహనం మాట్లాడుకోండి, ఇంటి సందర్శన టికెట్లు కూడా ముందే కొనాలి.

రాక్‌వుడ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ సుమారు 28 మైళ్ళు, అందులో డివైడ్ దాకా 20 మైళ్ళు ఎక్కుడే. పులిహోర అప్పటికి ఉండదు కాబట్టి మైయర్స్‌డేల్‌లో కడుపునిండా తిని, సీసాలు నింపుకుని కదలండి.

ఫ్రాస్ట్‌బర్గ్ ఊరు దారికి పైన ఉంటుంది. దారి మీద నుంచి ఊళ్ళోకి మెలికలు తిరిగే చిన్న బాట నిటారుగా ఉంటుంది, అది రైలు కట్ట కాదు. అలసిన కాళ్ళతో తొక్కకుండా దిగి నడిపించండి. మరుసటి ఉదయం కంబర్లండ్‌కు దిగేటప్పుడు బ్రష్ సొరంగంలో మీ పక్కనే పట్టాలు ఉంటాయి, పర్యాటకుల రైలు ఇంకా ఆ పట్టాల మీదే నడుస్తుంది. రైలు లోపల ఉన్నప్పుడు మీరు బయటే ఆగండి. ఆ రైలు కంబర్లండ్ నుంచి ఫ్రాస్ట్‌బర్గ్‌కు సైకిళ్ళను కూడా తెస్తుంది. వాన వల్లనో, అలసట వల్లనో ప్రణాళిక మారితే, నేరుగా కంబర్లండ్ వెళ్ళి ఆ రైల్లో పైకి వచ్చి, సైకిల్ మీద దిగే వీలు ఎప్పుడూ ఉంటుంది. నడిచే రోజులు మాత్రం ముందే చూసుకోండి.

మీరు వచ్చే తేదీలు ఖాయం కాగానే ఇక్కడ రాయండి. వెస్ట్ న్యూటన్ వరకు నేనూ మీతో తొక్కుతాను.